నాలుగు మైళ్ళ వెనక

మార్జరీ ఉన్నన్నాళ్ళూ అడిగేది:
"రిపీట్ అనవేం నువ్వెప్పుడూ?
చెవుడొచ్చి పదేళ్ళాయె,
లోకమంతా అనే మాటే కదా."
"మళ్ళీ చెప్పు" అనేవాణ్ణి నేను.
అంతకుమించి ఆమెకి చెప్పిందీ లేదు.

ఫిరంగుల వైర్‌లెస్ మీద ఆ మాటకు అర్థం
వినపడలేదని కాదు.
ఇందాక వేసిన చోటే
ఇందాక వేసినన్ని
ఇంకోసారి వెయ్యమని.

కొరియా. యాభై ఒకటి, చలి ముదురుతున్న రోజులు.
టాస్మేనియా కుర్రాళ్ళం ఎక్కువమందిమి
పేరు లేని, నంబరు మాత్రమే ఉన్న కొండ మీద.
మా వెనక ఫిరంగులు మావి కావు,
న్యూజిలాండు వాళ్ళవి.
నాలుగు మైళ్ళ అవతల, వరి కోసేసిన మళ్ళలో
బురద గడ్డకట్టి చక్రాలను కరిచి పట్టుకున్న చోట.

వాళ్ళ మనిషొకడు మా కందకంలోనే ఉండేవాడు,
లెఫ్టినెంట్ ప్రింగిల్.
దుర్భిణీ, మ్యాపు, మైనపు పెన్సిలు,
జేబులో ఎండు ఆప్రికాట్లు.
మాకు పెట్టేవాడు కాదు, లెక్కపెట్టుకుని తినేవాడు.
అతని వైర్‌లెస్ మోసేవాడికి విరేచనాలు పట్టుకుని
ఆ డబ్బా నా వీపున పడింది.

అట్లా పరిచయం ఆ గొంతు.
పేరు చెప్పేది కాదు.
తొందరనేది ఎరగదు,
పాలు పితికేవాడు ఆవుతో మాట్లాడినట్టుండేది.
నా అంకెలు నాకే తిరిగి అప్పజెప్పేది,
బాకీ తీర్చేవాడు నోటు మీద నోటు చేతిలో పెట్టినట్టు.
ఆ తర్వాత ఒకటే మాట: "బయల్దేరాయి."
మా తలల మీద ఆకాశం
పాత దుప్పటి చింపుతున్న చప్పుడు.

ప్రింగిల్ ఎట్లా పోయాడో చెప్పను.
ఆప్రికాట్లు చెల్లాచెదురయ్యాయి, అదొక్కటే చెబుతాను.
మ్యాపు నా ఒళ్ళోకొచ్చింది.
నాకు పంతొమ్మిది. గొర్రెల ఉన్ని కత్తిరించేవాణ్ణి.
గళ్ళ కాగితంలో కొండను చదవడం
పక్కన కూర్చుని చూసిందే, ఎవరూ నేర్పింది కాదు.

కింద బూరలు. ఈలలు.
ముళ్ళతీగ దాకా వచ్చేశారు.
అంకెలు చెప్పాను.
ఆ గొంతు మొదటిసారి ఆగింది.
"అది మీ కొండే కదా, అబ్బాయ్."
"మా కొండే."
"తలలు దించుకోండి," అంది. "బయల్దేరాయి."

మన్ను లేచి మా మీదే కురిసింది.
రిపీట్ అన్నాను.
రిపీట్.
తెల్లారేలోగా పదకొండుసార్లు అన్నానట,
లెక్క ఆ గొంతుదే, నాది కాదు.
అందులో ఒక గుండు పొట్టిగా పడింది.
డగ్ హిస్కాక్ ఉన్న గుంటలో పడింది.
నా అంకె తప్పా, గొట్టం అరిగిందా,
చలికి మందు మందగించిందా?
విచారణ జరిగింది. కాగితం మీద ఎవరి పేరూ లేదు.

కొండ దిగాక వారానికి
వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాను.
ఆ గొంతుకు తగ్గ ఆజానుబాహువును ఊహించుకుంటూ వెళ్ళాను.
కళ్ళజోడు దారంతో కట్టుకున్న పొట్టివాడు
ఇత్తడి గుల్లలో మేజోళ్ళు ఉడకబెడుతున్నాడు.
హోహెపా. మావోరీ. సముద్రం ఒడ్డు ఊరు.
చుట్టూ ఉన్న గన్నర్ల అరచేతులు చూశాను,
మంచు పట్టిన ఇనుము తోలు ఒలుచుకుపోయింది.
ఆ రాత్రి వంటవాళ్ళు, గుమాస్తాలు కూడా గుండ్లు మోశారట.
కొండను మేమే నిలబెట్టామనుకుంటున్నాం అప్పటిదాకా.

టీ ఇచ్చాడు. సబ్బు వాసనేసింది. తాగాను.
హిస్కాక్ ఊసు నేనెత్తలేదు.
అతనే, మంటవైపు చూస్తూ, నెమ్మదిగా,
మూడో ఫిరంగి గురించి ఏదో అన్నాడు.
వినపడింది.
వినపడనట్టు కూర్చున్నాను.

మొన్న లాన్సెస్టన్ ఆసుపత్రిలో
చెవి మిషను అమర్చే పిల్ల
గాజుకిటికీ అవతల కూర్చుని,
"నేను చెప్పే మాటలు రిపీట్ చెయ్యండి తాతగారూ," అంది.
పడవ, అంది.
రొట్టె, అంది.
నేను తల దించుకున్నాను.
వినపడలేదని రాసుకుంది.